స్వావలంబన గడియారం

సుమయ్య ఏం ఉద్యోగం చేస్తుందో కిషన్‌బాగ్‌లో ఆమె ఉండే గల్లీ అందరికీ తెలుసు. తెలిసినదే తప్పు. ఎవరు అడిగినా తల్లి అన్వరీ బేగం, "మా సుమయ్య ఫోన్ కంపెనీల గడియారాలు చూస్తది" అని చెప్పేది. అందులో అబద్ధం లేదు. అది విన్న పక్కింటి శారదమ్మ ఆగిపోయిన గోడ గడియారాన్ని పాత చీరముక్కలో చుట్టుకుని వచ్చింది. "బిడ్డా, జర దీని సంగతి చూడు, నా పెండ్లినాటిది" అన్నది. అది తన పని కాదని చెప్పబోయి, ముసలావిడ ముఖం చూసి, సుమయ్య అందులో కొత్త సెల్లు వేసింది. గడియారం నడిచింది. అప్పటి నుంచి ఆమెకు ఆదివారం సెలవు లేకుండా పోయింది.

ఆమె నిజంగా చూసుకునే గడియారానికి ముళ్లు లేవు. ఫలక్‌నుమాలో ఆ కంపెనీ ఎక్స్ఛేంజి మూడో అంతస్తు చివరి గదిలో, ర్యాకులో బిగించిన ఒక నల్లటి పెట్టె అది. డాబా మీద బోర్లించిన గ్లాసు లాంటి తెల్లటి యాంటెన్నా ఉంటుంది. ఉపగ్రహాలు పంపే సమయం దానిలోంచి కేబుల్ వెంట పెట్టెలోకి దిగుతుంది. పెట్టె దాన్ని చుట్టుపక్కల నాలుగు వందల టవర్లకు పంచుతుంది. టవర్లు మాట్లాడడం, వినడం వంతులవారీగా చేస్తాయి. ఇరుకు వంతెన దగ్గర కానిస్టేబుల్ ఇటు బండ్లను కాసేపు, అటు బండ్లను కాసేపు వదులుతాడు చూడండి, అలాగన్నమాట. ఒకవైపు వాళ్లు ఆయన చెయ్యి దిగకముందే కదిలితే ఏమవుతుందో పాతబస్తీలో ఎవరికీ చెప్పనక్కరలేదు. టవర్ల దగ్గర ఆ తొందర సెకనును పదిలక్షల వంతులు చేస్తే అందులో ఒక వంతు, మహా అయితే ఒకటిన్నర వంతు దాకా చెల్లుతుంది. అది దాటితే ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది.

ఆరేళ్లుగా అది దాటలేదు. అందువల్ల ఆరేళ్లుగా ఆ గదిలోకి ఆమె తప్ప ఎవరూ రాలేదు.

ఆ సోమవారం పొద్దున పదిన్నరకు ఆమె తెరమీద ఎర్రగీత వెలిగింది. దాని పక్కన "హోల్డోవర్" అని ఉంది. ఉపగ్రహాలు కనబడడం లేదు, ఇక గడియారం తన జ్ఞాపకం మీద నడుస్తోందని దాని అర్థం. సుమయ్య కేబుల్ చూసింది, బాగానే ఉంది. మెట్లెక్కి డాబా మీదికి వెళ్లింది.

యాంటెన్నా ఎక్కడిదక్కడే ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో, మొన్న శనివారం దాకా లేనిది, రెండు లారీల వెడల్పున ఎల్‌ఈడీ హోర్డింగ్ ఒకటి వీధి వైపు తిరిగి భగభగ మండుతోంది. దాని వెనక నీడలో బిల్డింగ్ ఎలక్ట్రీషియన్ ఇషాక్ స్టూలు వేసుకుని చాయ్ తాగుతున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ బిల్డింగ్‌లో ఏ తీగ ఎటు పోతుందో ఆయనకే తెలుసు.

"ఇషాక్ భాయ్, ఏందిది?"

"మన కంపెనీదే బేటా. శుక్రవారం బొంబాయి నుంచి పెద్ద సాబ్ వస్తుండట, పర్దా లాగుతడట. అప్పటిదాకా ఆర్పొద్దన్నరు. టెస్టింగట."

"ఒక్క అయిదు నిమిషాలు ఆర్పుతవా?"

ఇషాక్ అటూ ఇటూ చూసి స్విచ్ కిందికి దించాడు. సుమయ్య మెట్లు రెండేసి చొప్పున దిగి గదిలోకి పరుగెత్తింది. తెరమీద ఉపగ్రహాలు సున్నా. ఒకటి. మూడు. ఏడు. ఎర్రగీత పోయింది. ఫోన్ చేసి మళ్లీ వెలిగించమంది. ఏడు కాస్తా సున్నా అయింది.

ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఆ సంకేతం డాబా చేరేసరికి చెవిలో చెప్పే గుసగుస కంటే బలహీనంగా ఉంటుంది. హోర్డింగ్‌లో వాడిన చవక పవర్ సప్లైలు దాని పక్కనే నిలబడి బ్యాండు వాయిస్తున్నాయి. హోర్డింగ్ మీద అడుగెత్తు అక్షరాల్లో "ఒక్క క్షణం కూడా తప్పం" అని ఉంది. మొదటి తప్పు దాని వెనకే జరుగుతోంది.

సర్కిల్ మేనేజర్ సోమశేఖర్‌ది రెండో అంతస్తు. యాభై రెండేళ్ల మనిషి, చెడ్డవాడు కాదు. పదిహేనేళ్ల కింద టవర్ ఎక్కి పనిచేసినవాడే గానీ, ఆ తర్వాత ఎక్కినవన్నీ వేరే మెట్లు. సుమయ్య చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు.

"మంచిది. కస్టమర్ల నుంచి ఏమన్న కంప్లైంట్ వచ్చిందా?"

"ఇప్పుడైతే రాలే సార్. గడియారంల రుబిడియం ఉన్నది, పరమాణువులతోని టైమ్ కొలిచెటిది. ఇన్ని రోజులు ఉపగ్రహాలను చూసుకుంట తనల ఎంత తప్పున్నదో నేర్చుకున్నది. ఆ తప్పును తీసేసుకుంట నడుస్తది. గది చల్లదనం మారకుంటే మూడు రోజులు ఆగుతది."

"అంటే శాటిలైట్ లేకున్నా నడుస్తది."

"మూడు రోజులు సార్."

"నడుస్తది కదా."

"దినాం పది నిమిషాలు హోర్డింగ్ ఆర్పినా చాలు సార్. మళ్లీ సరిచేసుకుంటది."

సోమశేఖర్ కళ్లజోడు తీశాడు. "సుమయ్యా, పొద్దున అయిదు నిమిషాలు ఆరింది కదా, బొంబాయికి మెసేజ్ పోయిందమ్మా. దాంట్ల ఏదో సిమ్ము ఉన్నదట. మార్కెటింగోళ్లు డెబ్బై రెండు గంటల టెస్ట్ మళ్ల మొదటి నుంచి షురూ చేసిన్రు. ఇషాక్‌కు మెమో ఇయ్యమన్నరు, ఇచ్చిన. నా రాతపూర్వక ఆర్డర్ గానీ నోటిమాట గానీ లేకుండ ఆ స్విచ్ ఎవరూ ముట్టద్దు."

"పోనీ పురానాపూల్ ఫైబర్ బాగు చేయించుండ్రి సార్, అక్కడి ఎక్స్ఛేంజి నుంచి టైమ్ తెచ్చుకుందాం. బ్యాకప్ అదే."

"బాగు చేసుడెందుకు? అది గ్రీన్‌లనే ఉన్నది కదా?"

రిపోర్టులో ఉన్నది గ్రీన్‌లోనే. రెండేళ్ల కింద మూసీ పక్కన రోడ్డు తవ్వినప్పుడు ఆ ఫైబర్ తెగింది. తెగినట్టు ఇచ్చిన ఫిర్యాదును, చాలా పాతదైపోయిందని ఎవరో మూసేశారు. ఫిర్యాదు లేదు గనక లైను ఉన్నట్టే లెక్క. ఈ సంగతి సుమయ్య మూడుసార్లు రాసింది. మూడుసార్లూ ధన్యవాదాలు వచ్చాయి.

మంగళవారం ఏమీ కాలేదు. కాల్స్ బాగా వెళ్లాయి, వీడియోలు ఆడాయి. అదే కొంప ముంచింది. సోమశేఖర్ ముందురోజు రాత్రంతా ఒక ఆలోచనను పొదిగినట్టున్నాడు, మంగళవారం పదకొండు కొట్టగానే ముంబైకి ఉత్తరం పెట్టాడు. ఫలక్‌నుమా ఎక్స్ఛేంజి ఇరవై నాలుగు గంటలుగా ఏ విదేశీ ఉపగ్రహం మీదా ఆధారపడకుండా తన సొంత సమయాన్ని తానే తయారు చేసుకుంటోందని, ఇది తమ బృందం సాధించిన వినూత్న విజయమని రాశాడు. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. పై అధికారి మూడు చప్పట్ల బొమ్మలు పెట్టి, ఈ నమూనాను మిగతా ఎక్స్ఛేంజీలలో కూడా అమలు చేయవచ్చేమో పరిశీలించమన్నాడు. ఒక్క సందేహం మాత్రం వెలిబుచ్చాడు. ఇంత గొప్ప స్థితికి తెరమీద ఎర్రరంగు ఎందుకు?

సాయంత్రం నాలుగింటికి కంట్రోల్ రూములో పనిచేసే డానియేలు సుమయ్య దగ్గరికి వచ్చాడు. తల గోక్కున్నాడు.

"మేడం, హోల్డోవర్ అలారం పేరు మార్చమన్నరు. 'స్వావలంబన స్థితి' అని పెట్టాలట. రంగు గ్రీన్."

"డానీ, ఎల్లుండి అది లిమిట్ దాటుతది. దాటినంక ఏం రంగు పెడ్తవ్?"

"అడిగిన మేడం. ఇంకా ముదురు గ్రీన్ అన్నరు."

సుమయ్యకు నవ్వు వచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది. ఏది ముందు చూపాలో తెలియక నీళ్లు తాగింది.

అదే సాయంత్రం ఇంకో సర్క్యులర్ వచ్చింది. పెద్దసార్ రాక సందర్భంగా పర్యావరణ పక్షం పాటించాలని, మనుషులు లేని గదుల్లో ఆరు దాటాక ఏసీలు ఆపేయాలని. రాత్రి గడియారం గదిలో గడియారం తప్ప మనుషులు ఉండరు. బుధవారం ఆమె వచ్చేసరికి గది ముప్పై నాలుగు డిగ్రీలు ఉంది. మళ్లీ ఏసీ వేస్తే చల్లబడింది, సాయంత్రం మళ్లీ కాగింది. నేర్చుకున్న పాఠం ఇరవై రెండు డిగ్రీలది. పాపం గడియారం ఈ ఎండల్లో పాత లెక్కే వేసుకుంటూ పోతోంది.

ఆ పెట్టెలో సుమయ్యకు నచ్చే గుణం ఒకటుంది. తన సమయం మీద తనకు ఎంత నమ్మకం తగ్గిందో అది తానే కొలిచి తెరమీద చూపిస్తుంది. ఆ బిల్డింగ్ మొత్తం మీద ఆ పని చేసేది అదొక్కటే. టవర్లు భరించే ఒకటిన్నర వంతుకు గాను మంగళవారం ఆ అంకె సున్నా పాయింట్ నాలుగు. బుధవారం సాయంత్రానికి ఒకటి పాయింట్ ఒకటి. గురువారం పగలు పన్నెండు కాకముందే ఒకటిన్నర దాటింది. దాని మీద ముదురు ఆకుపచ్చ రంగు చక్కగా మెరుస్తోంది.

పక్క ఎక్స్ఛేంజీల టవర్ల వంతుకు, వీటి వంతుకు పొంతన పోయి, గురువారం మధ్యాహ్నం నుంచి కాల్స్ తెగడం మొదలైంది. అవతలివాళ్లు "హలో, హలో" అంటుంటే ఇవతలివాళ్లు "వినబడుతుంది చెప్పు" అంటారు, అది వాళ్లకు వినబడదు. కంట్రోల్ రూముకు ఫిర్యాదులు వచ్చాయి. బజారులో రద్దీ ఎక్కువ ఉందని రాసి డానియేలు చేత మూయించారు. సుమయ్య రెండో అంతస్తుకు వెళ్లింది. సోమశేఖర్ శామియానా వాళ్లతో మాట్లాడుతున్నాడు. "రేపు ఒక్కరోజు సుమయ్యా, రేపు ఒక్కరోజు" అన్నాడు ఆమె నోరు తెరవకముందే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆమె అన్నం సరిగా తినలేదు. అన్వరీ బేగం గమనించింది.

"క్యా హువా? గడియారం ఖరాబైందా?"

"గడియారం మంచిగనే ఉంది అమ్మీ. దాని మాట వినెటోళ్లు లేరు."

"మరి నువ్వు ఎందుకు ఫికర్ చేస్తవ్? నీ పని గడియారం చూసుడు. చెవులు చూసుడు కాదు కదా."

శుక్రవారం పదకొండింటికి వీధిలో శామియానా నిండింది. హోర్డింగ్‌కు కప్పిన ఎర్ర పర్దా సన్నటి తాడుతో కిందిదాకా వేలాడుతోంది. వేదిక మీద ముంబై పెద్దసార్, ఆయన పక్కన సోమశేఖర్ కొత్త సూటులో. కార్యక్రమం ఏమిటంటే పెద్దసార్ ముందుగా తన ఫోన్ నుంచి ఢిల్లీలో ఉన్న చైర్మన్‌కు వీడియో కాల్ చేస్తాడు. చైర్మన్ ముఖం పక్కనున్న పెద్ద తెరమీద అందరికీ కనబడుతుంది. ఆయన ఆశీర్వదించాక పర్దా లాగుతారు.

సుమయ్య గడియారం గదిలోనే ఉండిపోయింది. కిటికీలోంచి వేదిక కనబడుతుంది, మైకు వినబడుతుంది. ఇషాక్ ఎందుకైనా మంచిదని డాబా మీద స్విచ్చు పక్కనే కూర్చున్నాడు. గది తలుపు తెరిచి ఉంటే ఇద్దరూ మెట్ల మీదుగా మాట్లాడుకోవచ్చు.

కాల్ కలిసింది. చైర్మన్ ముఖం తెర నిండా వచ్చి, "ఈ శుభ" అన్న చోట నోరు తెరుచుకుని ఆగిపోయింది. పెద్దసార్ నవ్వుతూ కాల్ కట్ చేసి మళ్లీ చేశాడు. ఈసారి చైర్మన్ కళ్లు మూసి ఉండగా ఆగిపోయాడు. జనంలో ఎవరో "సార్ నిద్రపోయిండ్రు" అన్నారు. మూడోసారి అసలు కలవలేదు. మైకు పట్టుకున్న యాంకరమ్మ, ఈ ప్రాంతపు వారసత్వం గురించి చెప్పడం మొదలుపెట్టింది.

సోమశేఖర్ వేదిక దిగి, శామియానా స్తంభం చాటుకు వెళ్లి ఫోన్ తీయడం సుమయ్యకు కిటికీలోంచి కనబడింది. మరుక్షణం ఆమె ఫోన్ మోగింది.

"సుమయ్యా... ఏం జర్గు... పెద్దసార్ పర్దా లాగు... విను, హోర్డింగ్ మాత్రం ఆప—"

తెగిపోయింది.

తెలుగు క్రియకు ప్రాణం తోకలో ఉంటుంది. ఆపు, ఆపాలె, ఆపకు, ఆపొద్దు. మొదటి ముక్క ఒకటే. మిగతాది నాలుగు వందల టవర్లలో ఎక్కడో ఇంకొకరి మాట కింద పడి నలిగిపోయింది. సోమవారం నుంచి ఆయన చెబుతున్నదాన్ని బట్టి ఆ తోక ఏమై ఉంటుందో సుమయ్యకు బాగా తెలుసు. కానీ వినబడింది మాత్రం తోక లేని మాట. ఆమె కిందికి చూసింది. సోమశేఖర్ ఫోన్‌ను చెవి దగ్గర, నోటి దగ్గర, నెత్తిమీద పెట్టి తిప్పుతున్నాడు. మళ్లీ కలవడం లేదు.

ఆమె మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఇషాక్ భాయ్! ఆపు!"

పైనుంచి ఆయన గొంతు వచ్చింది. "సాబ్ చెప్పిండా బేటా? నాకు ఒక మెమో ఉన్నది."

ఆమె "ఇప్పుడే ఫోన్ చేసిండు" అన్నది. అందులోనూ అబద్ధం లేదు.

స్విచ్ పడిన చప్పుడు ఆమెకు వినబడింది. తెరమీద సున్నా. సున్నా. ఒకటి. నాలుగు. తొమ్మిది. గడియారం ఆకాశాన్ని మళ్లీ చూసి, తన తప్పు ఎంతో తెలుసుకుని, దిద్దుకోవడం మొదలుపెట్టింది. సుమయ్య చేతులు కట్టుకుని నిలబడింది. యాంకరమ్మ వారసత్వంలో వంతెనల దాకా వచ్చింది. పది నిమిషాలు గడిచాయి.

విసుగుతో పెద్దసార్ చివరిసారి నొక్కిన కాల్ కలిసింది. చైర్మన్ ముఖం అద్దంలో చూసినంత స్పష్టంగా వచ్చింది. ఆయన ఆశీర్వచనం ఒక్క అక్షరం పోకుండా, ఎనిమిది నిమిషాల పాటు, చివరికి జనమే తెగితే బాగుండుననుకునేంతగా నడిచింది. చప్పట్లు మోగాయి. పెద్దసార్ తాడు లాగాడు. పర్దా జారింది. దాని వెనక రెండు లారీల వెడల్పున నల్లటి చీకటి ఉంది.

విచారణ కమిటీ తర్వాతి బుధవారం కూర్చుంది. ముగ్గురు సభ్యులు, ఒక ఫైలు. సుమయ్యకు రాత్రి నిద్ర లేదు. ఉద్యోగం పోతే పోయిందనుకుంది. ఇషాక్ భాయ్‌ను మాత్రం ఇందులోకి లాగనివ్వకూడదని నిశ్చయించుకుని వచ్చింది.

"హోర్డింగ్ ఆపుమని ఎవరు చెప్పిన్రు?" అని అడిగాడు మధ్యలో కూర్చున్న పెద్దాయన.

"ఇషాక్ భాయ్‌కు నేను చెప్పిన సార్. దానికి ముందు సోమశేఖర్ సార్ నాకు ఫోన్ చేసిండు. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు."

ఫైలులో కాల్ రికార్డు ఉంది. పందొమ్మిది సెకన్లు. ముగ్గురూ సోమశేఖర్ వైపు తిరిగారు.

"చేసిన సార్, చేసిన మాట నిజం" అన్నాడు సోమశేఖర్. "కానీ నేను చెప్పింది వేరే. మధ్యల కాల్..."

అక్కడే ఆగిపోయాడు. పెద్దాయన పెన్ను పైకెత్తి అడిగాడు. "మధ్యల కాల్ తెగిందంటరా? మన నెట్‌వర్క్‌ల? పెద్దసార్ ప్రోగ్రాం జరుగుతుంటే? రాసుకోమంటరా?"

సోమశేఖర్ ముఖంలో రంగులు మారాయి. చివరికి ముదురు ఆకుపచ్చ దగ్గర నిలిచాయేమో, నిటారుగా కూర్చున్నాడు.

"మన నెట్‌వర్క్‌ల కాల్ తెగదు సార్. ఆపుమని నేనే చెప్పిన. నెట్‌వర్క్ కంటే హోర్డింగ్ ఎక్కువ కాదని ఆ క్షణంల నిర్ణయం తీస్కున్న."

సుమయ్య తల వంచుకుంది. నవ్వు ఆపుకోవడానికో, ఆయన మీద జాలి కలగడం వల్లనో ఆమెకే తెలియలేదు.

కమిటీ నివేదికలో సోమశేఖర్ సమయస్ఫూర్తిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఇక ఆయన వెనక్కి తిరిగే దారి లేదు. నెట్‌వర్క్ కంటే ఎక్కువ కాని హోర్డింగ్‌ను డాబా మీద ఉంచడం కుదరదు గనక, దాన్ని దింపించాలని ఆయనే రాయవలసి వచ్చింది. గడియారం గదిలో ఏసీ ఆపవద్దని రాశాడు. ఇషాక్‌కు ఇచ్చిన మెమో వెనక్కి తీసుకున్నాడు. ఈ విషయం మీద ముంబైలో ఉపన్యాసం ఇవ్వాలని పిలుపు వచ్చినప్పుడు మాత్రం కంగారుపడి, మొదటిసారి మూడో అంతస్తు చివరి గదికి వచ్చాడు. సుమయ్య కుర్చీ వేసింది.

"సుమయ్యా, మొదటి నుంచి చెప్పమ్మా. నాకేం తెల్వదనుకోని చెప్పు."

ఆమె అలా అనుకోవడానికి పెద్దగా కష్టపడనవసరం లేకపోయింది. రెండు గంటలు చెప్పింది. ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మధ్యలో ఒకసారి పెన్ను ఆపి, టవర్ల మీద పనిచేసిన రోజుల్లో వర్షానికి తడిసిన కనెక్టర్లను చొక్కా అంచుతో తుడిచేవాడినని చెప్పాడు. ఆ కాసేపు ఆయన మేనేజర్‌లా లేడు. సుమయ్యకు ఆయన మీదున్న కోపం సగం పోయింది.

ఉపన్యాసం బాగా జరిగిందట. నెల తిరిగేసరికి ఆయన కింద కొత్తగా కాల నిర్వహణ విభాగం ఏర్పడింది. పన్నెండు మంది. అందులో గడియారాన్ని చూసుకునేది సుమయ్య ఒక్కతే, మిగతా పదకొండు మంది సుమయ్యను చూసుకుంటారు. మొదటి సమీక్షా సమావేశం సోమవారం పదింటికి అని కబురు వచ్చింది. సుమయ్య పది కాకముందే వెళ్లి కూర్చుంది. పదిన్నర దాటాక డానియేలు వచ్చాడు. పావుతక్కువ పదకొండుకు ఇంకో ఇద్దరు వచ్చి, సార్ ఇంకా రాలేదా అని అడిగి, చాయ్ తెప్పించారు.